నా తరపు మేనమామ

"సొంత మేనమామే కదా" అన్న మాట ఇంకొక్కసారి ఎవరైనా నా ముందు అంటే ఏం చేస్తానో నాకే తెలియదు. మా ఊళ్ళో అందరూ అన్నారు ఆ మాట. అమ్మ అంది, అమ్మమ్మ అంది, రామమందిరం అరుగు మీద కూర్చునే పెద్దలు అన్నారు, ఉప్పు అప్పడగడానికి వచ్చిన పక్కింటావిడ కూడా నా చెంప మీద వాతలు చూసి మరీ అంది. పరాయివాడికి ఇవ్వలేదు కదా, ఎత్తుకుని పెంచిన చేతుల్లోనే పెట్టారు కదా అని. ఎత్తుకున్న చేతులు కొట్టవా? శుభ్రంగా కొడతాయి. ఎక్కడ కొడితే బయటికి కనపడదో కూడా ఆ చేతులకే బాగా తెలుసు.

నా పేరు దేవి. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా అమ్మ తవిటమ్మ. అమ్మ తమ్ముడు ఎల్లాజీ. నాకు పుట్టుకతో మేనమామ, ఇంటర్ అయ్యాక మొగుడు. నాకంటే పదేళ్ళ పైనే పెద్ద. మా అయ్య నేను బడికి వెళ్ళే రోజుల్లోనే సముద్రం మీదికి చేపల వేటకి పోయి తిరిగి రాలేదు. అప్పటి నుంచీ మా ఇంటికి మగదిక్కు ఎల్లాజీ మావే. తండ్రి లేని పిల్లకి మేనమామే తండ్రి అని మా ఊరి లెక్క. నాకు చెవులు కుట్టిస్తుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది అతనే. నేను పెద్దమనిషిని అయినప్పుడు చీర పెట్టిందీ అతనే. తాళి కట్టిందీ అతనే. ఆ రోజు అమ్మ మురిసిపోతూ ఊరంతా తిరిగి చెప్పుకుంది, నా కూతురు నా పుట్టింటికే వెళ్తోందని.

ఇందులో ఉన్న తిరకాసు మొదటి దెబ్బ తిన్న రోజున కానీ నాకు తెలియలేదు. దెబ్బ తిన్న ఆడపిల్ల ఎక్కడికి పోతుంది? అమ్మ దగ్గరికి పోతుంది. నేనూ పోయాను. అమ్మ ఉండేది రెండు వీధులవతల. నా పెదవి చూసింది, పసుపు పెట్టింది, అన్నం తినిపించింది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మళ్ళీ ఆ గుమ్మంలోనే వదిలింది. ఎందుకంటే అమ్మకి పుట్టిల్లు కూడా అదే. నాకు అత్త మా అమ్మమ్మే. నా మీద చెయ్యి ఎత్తినవాడు అమ్మ చంకనెక్కి పెరిగిన తమ్ముడు. పైగా అతని పడవలో పడిన చేపే అమ్మ గంపలోకి వచ్చేది. ఆ గంపతోనే ఆమదాలవలస సంతకి వెళ్ళి అమ్ముకుని అమ్మ బతికేది. తమ్ముడితో చెడితే అమ్మకి పుట్టిల్లూ పోతుంది, గంపా పోతుంది. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా? తగ్గలేదు.

ఏటా ఎండాకాలంలో రెండు నెలలు వేట నిషేధం పెడతారు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ఒక్క పడవ కూడా సముద్రం మీదికి పోకూడదు. పోలీసులు వస్తారు, ఫిషరీసు వాళ్ళు వస్తారు, మైకులో చెబుతారు. చేపకి అంత కాపలా. ఆ రెండు నెలలూ మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకునేవాళ్ళు చేసుకుంటారు, పేకాడేవాళ్ళు ఆడతారు. మా ఎల్లాజీ తాగేవాడు. తాగనప్పుడు కూడా కొట్టేవాడు కాబట్టి తాగుడు మీద నెట్టడానికి లేదు. నా ఫోన్ లాక్కున్నాడు. గుమ్మం దాటితే ఎందుకని, దాటకపోతే మొహం ఎందుకలా పెట్టావని. పగలంతా కొట్టి, పొద్దు వాలాక పక్కలోకి రమ్మనేవాడు. వద్దంటే మళ్ళీ దెబ్బలు. వద్దని ఏడ్చినా ఆగేవాడు కాదు. తడిక అవతల అమ్మమ్మ పడుకునేది. దగ్గేది. ఆ దగ్గు తప్ప ఆవిడ దగ్గర్నుంచి నాకు ఇంకే సాయమూ అందలేదు.

ఈ ఏడు నిషేధంలో ఒక పొద్దున్న పడవ తెడ్డు తీశాడు. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని కాకి ఎత్తుకుపోతుంటే నేను చూడలేదట. అదీ కారణం. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది తప్పించుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టాను, ఎడమ మణికట్టు మీద పడింది. చేపలు తిరగెయ్యడానికి వచ్చిన అమ్మ అక్కడే ఉంది. పరుగెత్తుకొచ్చి తెడ్డు లాక్కుంది.

"ఒరే ఎల్లాజీ, సాల్రా! సచ్చిపోతాదిరా!" అని అరిచింది.

అంత అరిచిన మనిషి, అతను బయటికి పోగానే నా వైపు తిరిగి గొంతు తగ్గించేసింది. "ఎవులికీ సెప్పకే. ఈ రెండు నెలలూ ఆడికి పని నేదు, బుర్ర తిరిగిపోతాది. ఏట మొదలైతే ఆడే సక్కబడతాడు."

నేను చెప్పాను. నేరుగా ఎర్రన్న తాత దగ్గరికి వెళ్ళి, వాచిన చెయ్యి చూపించి చెప్పాను. ఎర్రన్న మా ఊరి పెద్ద. ఎవరికైనా తగువొస్తే స్టేషన్ గడప తొక్కే ముందు అరుగు గడప తొక్కాలని మా ఊళ్ళో కట్టుబాటు. తొక్కకపోతే వెలి. వెలి పడ్డవాళ్ళతో ఊళ్ళో ఎవరూ మాట్లాడరు, వాళ్ళ పడవ నీళ్ళలోకి తోయడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు. ఇది తెలిసే నేను ముందు అరుగుకే వెళ్ళాను. పద్ధతిగా వెళ్తే పద్ధతిగా జరుగుతుందనుకున్నాను. నా తెలివి అంతవరకే ఏడ్చింది.

అరుగు మీద ఆడవాళ్ళు కూర్చోరు. కింద నిలబడాలి, మాట్లాడకూడదు. మొగుడి తరపున ఒకరు, పెళ్ళాం తరపున ఒకరు అరుగెక్కి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు. తప్పు చేసినవాళ్ళ తరపు మనిషి తప్పు ఒప్పుకుంటే, అవతలి తరపు మనిషి మన్నించాలి. అంతటితో తగువు తీరినట్టు. నేను, అమ్మ కింద నిలబడ్డాం.

"మొగుడి తరపున ఎవులు?" అని ఎర్రన్న తాత అడిగాడు.

"నానే," అన్నాడు ఎల్లాజీ. అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.

"పిల్ల తరపున?"

ఎవరూ లేవలేదు. ఎర్రన్న తాత అటూ ఇటూ చూసి, తల గోక్కుని, "దీనికి అయ్య నేడు గదా. మేనమామ మాటాడాల. మేనమామెవులు దీనికి?" అన్నాడు. అన్నాక ఆయనకే గుర్తొచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఈ పెళ్ళిలో ఏదో తేడా ఉందని, ఈ పిల్లకి మనిషి లేకుండా చేశామని ఇప్పుడైనా వీళ్ళకి బుర్రకెక్కుతుందనుకున్నాను. ఏమీ ఎక్కలేదు. పెద్దలు నలుగురూ గుసగుసలాడుకున్నారు. ఒకాయన అన్నాడు, "అయితే ఏటైనాది? మేనమామ మేనమామే. మొగుడు మొగుడే. పద్ధతి పద్ధతే."

నా కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నేనైనా నమ్మను. ఎల్లాజీ మొగుడిగా "సెయ్యి సేసుకున్నాను, తప్పేనండి" అని తూర్పు వైపు నుంచి లేచాడు. పంచె దులుపుకుని పడమటి వైపు, నా తరపున కూర్చున్నాడు. గొంతు కూడా మార్చాడు, పెద్దరికం తెచ్చుకుని.

"నా మేనకోడలికి కోపం ఎక్కువండి. తండ్రి నేని పిల్లని గారాబం సేసీసినాం. ఆడు సెయ్యి సేసుకున్నాడు, తప్పే. ఈపాలికి మా పిల్ల తరపున మన్నించీసినాం," అన్నాడు.

మళ్ళీ లేచి తూర్పు వైపు కూర్చున్నాడు. "సరే, ఇంక సేసుకోనండి," అన్నాడు మొగుడిగా.

కొట్టింది అతను. ఒప్పుకుంది అతను. మన్నించింది అతను. పెద్దలు తృప్తిగా తలలూపారు. వాళ్ళు నన్ను మోసం చేస్తున్నామని కూడా అనుకోలేదు, అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం. ఏదో ఒక లోటు సర్దేశామన్న సంతోషం వాళ్ళ మొహాల్లో కనపడింది.

"నాను మన్నించనేదు!" అని కింద నుంచి అరిచాను. "నా సెయ్యి సూడండి! ఆడు మన్నించడమేటి, దెబ్బ తిన్నది నాను గదా!"

"ఏయ్, ఆడోళ్ళు మాటాడకూడదు. తవిటమ్మా, పిల్లని తీసుకుపో," అన్నాడు ఎర్రన్న తాత. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. వాచిన చెయ్యే పట్టుకుని లాగింది.

ఇంటికొచ్చాక ఎల్లాజీ తలుపేశాడు. ఇంకా మిట్టమధ్యాహ్నమే. నవ్వుతున్నాడు. "నీ తరపున నానే, నా తరపున నానే. ఇంకెవుల్ని తెస్తావే?" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ తలుపు వెనక జరిగినదాన్ని కాపురం అంటే నా నాలుక కోసుకుంటాను. వాచిన చేతిని మోకాలి కింద తొక్కిపెట్టాడు. నేను పైకప్పు వైపు చూస్తూ ఒకటే అనుకున్నాను, ఈ ఊళ్ళో నా తరపు అనేది లేదు, ఊరు దాటాలి.

మర్నాడు అమ్మతో కలిసి ఎండు చేపల గంప వేసుకుని ఆటోలో ఆమదాలవలస వెళ్ళాను. చేపల అమ్మకం ఆపితే ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి దానికి మాత్రం అతను అడ్డు చెప్పడు. అమ్మ ఉంది కదా కాపలా అని ధీమా. ఆటోలో దారి పొడుగునా అమ్మ తమ్ముడి గురించే చెప్పింది. చిన్నప్పుడు జ్వరమొస్తే తన చీర కొంగు వదిలేవాడు కాదట. వాడి మనసు వెన్నట. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆటోలోంచి దూకేస్తానేమో అనిపించి తెరవలేదు.

ఆడవాళ్ళకి సాయం కావాలంటే 181కి ఫోన్ చెయ్యమని అక్కడి బస్టాండు గోడ మీద రాసి ఉంటుంది. అమ్మతో వచ్చినప్పుడల్లా చూసేదాన్నే. మా పక్కన కూరగాయలు పెట్టుకునే యమున అనే ఆవిడని ఫోన్ అడిగాను. నా చెయ్యి చూసింది, ఏమీ అడక్కుండా ఇచ్చింది. అమ్మ ఎవరితోనో బేరమాడుతుంటే ఉల్లిపాయ బస్తాల వెనక్కి వెళ్ళి నొక్కాను.

ఎవరో ఆడమనిషి. పేరు అడిగే ముందే, "అమ్మా, ఇప్పుడు మీరున్న చోట మీకేమీ ప్రమాదం లేదు కదా?" అని అడిగింది.

తల్లి అడగలేదు, అమ్మమ్మ అడగలేదు, ఊరికి ఊరు అడగలేదు. మొదటిసారి అడిగిన మనిషి మొహం కూడా నాకు తెలియదు. ఏడుపు దిగమింగుకుని అన్నీ చెప్పాను. "పెద్దలు రాజీ సేసీసినారండి. నా తరపున మన్నించీసినారు. ఇంకిప్పుడు కేసు పెట్టడానికి అవుతాదా?" అని అడిగాను.

"మీరు మన్నించారా?"

"నేదండి."

"అయితే రాజీ కాలేదమ్మా. వాళ్ళు ఏం చేసుకున్నా మీరు ఫిర్యాదు ఇవ్వొచ్చు. బండి పంపుతున్నాం, ఎక్కడున్నారో చెప్పండి. అక్కడే మనుషుల మధ్య ఉండండి, ఒంటరిగా ఎటూ వెళ్ళకండి."

బండి వచ్చింది. ఒక లేడీ కానిస్టేబుల్ దిగి నా పేరు అడిగింది. అమ్మకి అప్పుడు తెలిసింది. చేపల తక్కెడ చేతిలో పట్టుకునే లేచి నిలబడింది.

"ఎక్కడికే?"

"శ్రీకాకుళం. ఆస్పత్రికి, తర్వాత స్టేషన్‌కి. నువ్వూ రా అమ్మా. నువ్వు సూసినావు గదా, సెప్పు."

అమ్మ నా మొహం చూసింది, పోలీసు బట్టలు చూసింది. "ఇంటికెల్లి ఆడికి నానేటి సెప్పాలే?" అంది.

అడగడానికి ఆ మాటే దొరికింది అమ్మకి. నేను బండెక్కాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ మళ్ళీ గంప దగ్గర కూర్చుంటోంది.

శ్రీకాకుళంలో ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం సర్కారు వాళ్ళు పెట్టిన కేంద్రం ఉంది. నన్ను చూసుకున్నది అక్కడి రాజకుమారి మేడమ్. ముందు అన్నం పెట్టించింది. తర్వాత ఆస్పత్రికి వెంట వచ్చింది. ఎక్స్‌రేలో మణికట్టు ఎముక చిట్లిందని తేలింది, కట్టు వేశారు. ఒక లేడీ డాక్టరు ఒళ్ళంతా చూసి ప్రతి దెబ్బనీ రాసింది. కేంద్రంలో నాకిచ్చిన గదికి గడియ లోపలి వైపు ఉంది. చాలాసేపు ఆ గడియ వేసుకుని, తీసుకుని, మళ్ళీ వేసుకుని కూర్చున్నాను.

అక్కడేదో అంతా పాలూ తేనే అని చెప్పను. తలుపు వెనక జరిగింది కూడా చెప్పాక రాజకుమారి మేడమ్, "మొగుడు బలవంతం చేస్తే దాన్ని అత్యాచారం అని రాసుకోవడానికి మన చట్టం ఇంకా ఒప్పదమ్మా," అంది. "కానీ గృహహింస చట్టంలో అది హింసే. జడ్జి ముందుకి వెళ్తుంది. నీ దగ్గరికి రాకూడదని ఆర్డరు అడగొచ్చు. కొట్టినదానికి పోలీసు కేసు వేరేగా ఉంటుంది. అన్నీ రాయించు, ఏదీ దాచకు."

"అంటే మొగుడైతే ఆ పేరు పెట్టకూడదా మేడమ్?"

"పెట్టరు."

"మా ఊరి అరుగు ఒకటే అనుకున్నాను. ఇంకో పెద్ద అరుగు ఉన్నాదన్నమాట," అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "ఉంది. దాని మీదా మాట్లాడాలి," అంది. నిజం చెప్పింది కాబట్టి ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. పోలీసులకి అన్నీ రాయించాను. కొట్టడం చూసినవాళ్ళు ఎవరని అడిగారు. మా అమ్మ అని చెప్పాను. ఆవిడ చెబుతుందా అని అడిగారు. తెలియదన్నాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు దిగారు. ఎర్రన్న తాత, ఎల్లాజీ, అమ్మ. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడి, లోపలున్న ఆవిడకి మీరేమవుతారని అడిగితే, ఎల్లాజీ ఏమన్నాడో తెలుసా? "మేనమామని. పిల్ల తరపోణ్ణి," అన్నాడట. మొగుడినని చెప్పలేదు. తెలివి చూడండి. అరుగు మీద పారిన ఎత్తు ఇక్కడా పారుతుందనుకున్నాడు.

వాచ్‌మన్ లోపలికొచ్చి మేనమామ వచ్చాడని చెప్పగానే రాజకుమారి మేడమ్ నా మొహం చూసింది. "మేనమామ ఎవరమ్మా?"

"నన్ను కొట్టినోడే మేడమ్."

ఆవిడకి విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ మొహం ఎర్రబడింది. "అతను గేటు బయటే ఉంటాడు. మిగతావాళ్ళతో మాట్లాడాలనుందా, లేదా? నీకిష్టం లేకపోతే అట్నుంచి అటే పంపించేస్తాను," అంది.

మాట్లాడతానన్నాను. నాకు దాక్కోవాలని లేదు, తిట్టాలని ఉంది.

రాజకుమారి మేడమ్ నా పక్కనే కూర్చుంది. ఎర్రన్న తాత ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ నేల మీద కూలబడింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. తాత గొంతు సవరించుకున్నాడు. "అరుగు దాటి వచ్చినావు. ఇది తప్పు. కేసు వదులుకుని ఇప్పుడు మా ఎనకాల వచ్చీసినావంటే ఊరు ఏటీ అనదు. రానంటే నువ్వూ మీ అమ్మా వెలే."

"రాను తాతా. నా తరపున ఆడు మన్నిస్తే తలూపినావు. సిగ్గనిపించనేదా నీకు?"

"పద్ధతే గుంటా అది..."

"నీ పద్ధతి తగలెయ్య!"

అమ్మ నా కాళ్ళు పట్టుకుంది. "కేసు వద్దే. నా తమ్ముడే. పెంచుకున్నానే ఆణ్ణి."

"మరి నన్నో?"

"నువ్వు నా కూతురివి..."

"ఇద్దర్లో సెయ్యి ఇరిగింది ఎవులికి?"

అమ్మ నా కట్టు వైపు చూసింది, కళ్ళు దించుకుంది. ఇంతలో గేటు దగ్గర్నుంచి ఎల్లాజీ అరుపు వినపడింది. అమ్మని అతను అప్పా అని పిలుస్తాడు. "అప్పా! దాన్ని ఈడ్చుకురా! తేకపోయావంటే ఇంక నీ గంపలో నా సేప పడదు, ఇంట్లో అడుగు పెట్టనివ్వను!" చంకనెక్కి పెరిగినవాడు పెంచిన అక్కతో అన్న మాట అది. అమ్మ చేతులు నా కాళ్ళ మీద బిగుసుకున్నాయి.

ఎర్రన్న తాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన అసలు వచ్చిన పని అప్పుడు బయటపడింది. "తవిటమ్మా, ఈ అమ్మగారు పోలీసులకి సెప్తారు, నువ్వు ఇప్పుడే సెప్పీ. సూసింది నువ్వొక్కర్తివే గదా. ఆడు తెడ్డు ఎత్తనేదు. పిల్ల రాళ్ళ మీద జారి పడిపోనాది. అంతేనా?"

అరుగు కింద నిలబడి నోరు మూసుకోవాల్సిన ఆడది, అబద్ధం చెప్పడానికి మాత్రం పనికొచ్చింది. నేను అమ్మ మొహం చూడలేకపోయాను. ఆవిడ అంతే అంటే నా కేసు అక్కడితో సగం చచ్చినట్టే. అంటుందనే అనుకున్నాను. అలవాటైన మనిషి.

అమ్మ నా కాళ్ళు వదిలింది. నేల మీద చెయ్యి ఊని లేచి నిలబడింది.

"ఎత్తినాడు," అంది.

"తవిటమ్మా, బుర్రెట్టుకుని మాటాడు."

"ఎత్తినాడు. ఈపు మీదొకటి, సేతి మీదొకటి కొట్టినాడు. మూడోది తల మీద పడును. తెడ్డు లాక్కున్నది నాను." అమ్మ అక్కడితో ఆగలేదు. "ఆడు ముందు నించీ కొడతన్నాడు. నాను సూసి కూడా తీసుకెల్లి మల్లీ అక్కడే దిగబెట్టినాను. ఈ మేడమ్‌కి సెప్తాను, పోలీసోళ్ళకి సెప్తాను, జడ్జిగోరికి సెప్తాను. వెలేసుకుంటారా? ఏసుకోండి."

ఎర్రన్న తాత తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రాజకుమారి మేడమ్ పోలీసులకి ఫోన్ చేసింది. ఎల్లాజీ గేటు ముందు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, వాళ్ళు వచ్చేదాకా. మేనమామని, నాకు హక్కుందని వాళ్ళకీ చెప్పబోయాడు. బండిలో చెప్పుకో అన్నారు.

అమ్మ ఆ సాయంత్రమే స్టేషన్లో సాక్ష్యం రాయించి, వేలిముద్ర వేసి ఊరికి వెళ్ళిపోయింది. ఉండమంటే ఉండలేదు. పొయ్యి దగ్గర పిల్లి ఉంది, దానికి అన్నం ఎవరు పెడతారంది. కొన్నాళ్ళకి జడ్జిగారు అతను నా దగ్గరికి రాకూడదని ఆర్డరు ఇచ్చారు. అతను బెయిలు మీద వచ్చాడని, అరుగు మీద కూర్చుని నన్ను తిడుతున్నాడని కబురు తెలుస్తూనే ఉంది. తిట్టుకోనీ. నేను శ్రీకాకుళంలోనే హాస్టల్లో ఉంటున్నాను. చెయ్యి కట్టు విప్పాక రాజకుమారి మేడమ్ ఒక బట్టల కొట్లో పని చూపించింది.

అమ్మ మీద కోపం పోయిందా అని మేడమ్ ఒకసారి అడిగింది. పోలేదన్నాను. ఒక్క మాట నిజం చెప్పినంత మాత్రాన, నన్ను తీసుకెళ్ళి ఆ గుమ్మంలో వదిలిన రోజులన్నీ ఎలా మర్చిపోతాను? నా కోపం నాది. ఎవరి కోసమూ తొందరగా వదిలెయ్యను.

నిన్న మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. యమున ఫోన్ నుంచి. వేట మొదలైందట, ఎవరూ చేప ఇవ్వడం లేదట, వేరే ఊరి పడవల దగ్గర కొనుక్కుని అమ్ముకుంటోందట. అమ్మమ్మ తలుపు తియ్యలేదట.

"ఊర్లో ఒక్కరూ మాటాడ్డం నేదే," అంది. "పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లితోనే మాటాడతన్నాను."

జాలి కలిగింది, కోపమూ వచ్చింది. "మరి నాతో మాటాడు," అన్నాను కటువుగానే.

వెనకాల సంత గోల వినపడుతోంది. ఫోన్ యమునకి ఇచ్చేసిందేమో అనుకున్నాను.

"దేవీ," అంది. "ఆ రోజు అరుగు మీంచి వచ్చినాక ఆడు తలుపేసినాడని మీ అమ్మమ్మ అప్పుడే సెప్పినాది. ఏటి సేసినాడే నిన్ను? సెప్పు. నాను ఇంటాను."

కొట్టు వెనకాల మెట్ల మీద కూర్చుని చెప్పాను. దాచకుండా, పేర్లు మార్చకుండా, తల్లికి చెప్పకూడదని ఊరంతా అనుకునే మాటలతోనే చెప్పాను. కొన్నిచోట్ల అరిచాను కూడా. చెప్పినంతసేపూ అమ్మ ఒక్కసారి కూడా నా తమ్ముడు అనలేదు.